కొత్త బోటు ఇంజనుకి మనమే ఆయిల్ మార్చుకుంటే వారంటీ పోతుందా?

పూసపాటిరేగ మండలం చింతపల్లి నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది. ఫైబర్ తెప్పకి కొత్తగా 9.9 హార్స్‌పవర్ ఫోర్‌స్ట్రోక్ ఇంజను కొన్నాడు. మూడు నెలలైంది. మొదటి సర్వీసు డీలరు దగ్గరే చేయించాడు. "ఇంజను మీద చెయ్యి వేస్తే వారంటీ పోతుంది, ప్రతి సర్వీసుకీ ఇక్కడికే తేవాలి" అని డీలరు అన్నాడట. 40 కిలోల ఇంజను విప్పి, ఆటో ఎక్కించి, విశాఖ తీసుకెళ్ళి తెచ్చేసరికి రెండు రోజుల వేట పోతోంది. ఆయిలు, ప్లగ్గులు, వాటర్ పంపు ఇంటి దగ్గరే చేసుకోవచ్చా, ఇన్నాళ్ళూ ఏమీ రాసిపెట్టుకోలేదు, ఇప్పుడేం చెయ్యాలి అని అడుగుతున్నాడు.

చేసుకోవచ్చు తమ్ముడూ. ఇంజన్ ఆయిలు, గేర్ ఆయిలు, ప్లగ్గులు, పెట్రోలు ఫిల్టరు, గ్రీజు, మంచినీళ్ళతో కడగడం, ఇవి మీరే చేసుకున్నంత మాత్రాన వారంటీ పోదు. మాన్యువల్‌లో రాసిన ఆయిలే పోయాలి, రాసిన గంటలకే మార్చాలి, మార్చినట్టు చూపించగలగాలి. నేను చూసినంతలో వారంటీ తిరగ్గొట్టిన కేసుల్లో "మీరెందుకు ఆయిల్ మార్చారు" అన్నది దాదాపు లేదు. "మార్చినట్టు రుజువేది" అన్నదే ఎక్కువ. వాటర్ పంపు మాత్రం వేరే కథ, దాని గురించి కింద విడిగా రాస్తాను.

నేను కళింగపట్నం వైపు ఒడ్డున ఇరవై ఏళ్ళకు పైగా తెప్ప వెనక బిగించే ఔట్‌బోర్డ్ ఇంజన్లు బాగుచేస్తున్నాను. అంతకుముందు వీరావల్‌లో బోట్ల మీద పనిచేశాను. ఏ కంపెనీ డీలరునీ కాదు. ఇక్కడ రాసేది నా చేతుల మీదుగా నడిచిన సంగతులే.

ముందు ఒక పని చెయ్యండి. ఇంజనుతో వచ్చిన పుస్తకం తీయండి. చాలామంది దాన్ని ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా బీరువాలో పెడతారు. అందులో సర్వీసు పట్టిక ఉంటుంది: ఏ భాగం, ఎన్ని గంటలకి, చూడాలా మార్చాలా అని. కొన్ని కంపెనీల పట్టికల్లో రెండు రకాల చుక్కలుంటాయి. నిండు చుక్క ఉన్న పని యజమాని చేసుకోవచ్చు, ఖాళీ చుక్క ఉన్నది డీలరు చేయాలి. పక్కనే ఆ సంగతి రాసి ఉంటుంది. చుక్కలు లేని పుస్తకాల్లో మాటల్లో రాస్తారు. "చెయ్యి వేస్తే పోతుంది" అన్న నోటిమాటకి అసలైన జవాబు ఆ పట్టికే. కంపెనీయే మీ పని అని రాసిచ్చాక, డీలరు కాదనడానికి ఏముంది? ఆ పేజీ ఫోటో తీసి ఫోనులో పెట్టుకోండి.

తర్వాత వారంటీ కార్డు. దీన్ని నిదానంగా, అవసరమైతే ఇంగ్లీషు వచ్చిన పిల్లల చేత చదివించుకుని చూడండి. మూడు విషయాలు వెతకాలి. ఒకటి, మొదటి సర్వీసు డీలరు దగ్గరే జరగాలని ఉందా. చాలా కార్డుల్లో ఉంటుంది, ఫ్రీ సర్వీసు కూపన్లుంటే అవి వదలకూడదు. మీరు అది చేయించారు కాబట్టి మంచిదే. రెండు, చేపల వేటకి వాడే ఇంజనుకి వారంటీ ఎన్నాళ్ళు. సరదాకి వాడేవాళ్ళకి ఒక లెక్క, వ్యాపారానికి వాడేవాళ్ళకి తక్కువ లెక్క ఉండటం ఈ ఇంజన్లలో మామూలు. కొట్లో చెప్పిన ఏళ్ళు, కార్డులో మీ వాడకానికి రాసిన నెలలు ఒకటేనా అని చూసుకోండి. మూడు, మీ పేరు, ఇంజను నంబరు, కొన్న తేదీ కంపెనీ దగ్గర నమోదు చేశారా లేదా. డీలరు స్టాంపు వేసిన కార్డు మీ చేతిలో ఉండాలి. సబ్సిడీలో తీసుకున్న ఇంజనైతే బిల్లు ఎవరి పేరున ఉందో, కార్డు కూడా అదే పేరున ఉందో చూడండి. ఇంజను నంబరు సాధారణంగా తెప్పకి బిగించే బ్రాకెట్టు మీద చిన్న రేకులా గానీ స్టిక్కరులా గానీ ఉంటుంది. ఉప్పుకి రెండేళ్ళలో అక్షరాలు లేచిపోతాయి. ఈరోజే ఫోటో తీయండి.

ఇప్పుడు గంటల లెక్క. మనవాళ్ళు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. పుస్తకంలో చాలావరకు "100 గంటలు లేదా ఏడాది, ఏది ముందైతే అది" అని గానీ, ఆరు నెలలని గానీ ఉంటుంది. చదివినవాడికి "ఏడాది" కంటికి ఆనుతుంది, "100 గంటలు" ఆనదు. ఆదివారం సరదాగా నది మీద తిరిగేవాడికి 100 గంటలు కావాలంటే ఏడాది పడుతుంది. మీరు రోజుకి 5 గంటలు ఇంజను నడిపితే, నెలకి 20 రోజులు వేటకెళ్తే, నెలకే 100 గంటలు. వేట నిషేధం రెండు నెలలు తీసేస్తే ఏడాదికి 1000 గంటలు. అంటే సరదా బోటువాడు పదేళ్ళలో చేయించే సర్వీసులు మీకు ఒక్క ఏడాదిలో వస్తాయి. మీరు కొని మూడు నెలలైందంటున్నారు. మొదటి సర్వీసు తర్వాత ఆయిల్ మార్చకపోతే మీ ఇంజను ఇప్పటికే రెండు మార్పులు దాటిపోయి ఉండొచ్చు. ఇది చదవగానే టెన్షన్ పడకండి, కానీ రేపే మార్చండి.

గంటలు ఎలా తెలుస్తాయి? ఈ చిన్న ఇంజన్లకి మీటరు ఉండదు. ప్లగ్గు వైరు మీద ఒక తీగ చుట్టి పెట్టే చిన్న గంటల మీటర్లు దొరుకుతాయి. ఇంజను వైరింగు కొయ్యక్కర్లేదు, కాబట్టి వారంటీకి గొడవ లేదు. అదీ వద్దంటే, మీ తెప్ప గంటకి ఎంత పెట్రోలు తాగుతోందో ఒకరోజు కొలిచి, తర్వాత లీటర్ల లెక్కన గంటలు కట్టండి. పెట్రోలు బిల్లులే మీకు మీటరు.

ఇంటి దగ్గర చేసే పనుల్లో మొదటిది కడగడం. అన్నిటికంటే తేలికైనదీ, అన్నిటికంటే ఎక్కువమంది వదిలేసేదీ ఇదే. సముద్రపు నీరు ఇంజను లోపల సన్నటి దారుల్లో తిరుగుతుంది. ఇంజను ఆపాక వేడికి నీరు ఆరిపోయి ఉప్పు గోడలకి పట్టేస్తుంది. రోజురోజుకీ ఆ దారి ఇరుకవుతుంది. ఒక రోజున ఇంజను వేడెక్కి కూర్చుంటుంది. ఉప్పు వల్ల వచ్చిన తుప్పుకి, దారి పూడుకుపోవడానికి ఏ కంపెనీ వారంటీ ఇవ్వదు. అందుకే వేట నుంచి వచ్చాక పెద్ద డ్రమ్ములో మంచినీళ్ళు నింపి, ఇంజను కాలు (ప్రొపెల్లర్ ఉండే కింది భాగం) అందులో దింపి, నీరు వెళ్ళే జల్లెడ బాగా మునిగేలా చూసుకుని, న్యూట్రల్‌లో 5 నుంచి 10 నిమిషాలు నెమ్మదిగా నడపండి. ప్రొపెల్లర్ తీసేసి నడిపితే మంచిది, చేతులకి ప్రమాదం ఉండదు. కొన్ని మోడళ్ళకి గొట్టం తగిలించే నాజిల్ ఉంటుంది, దాంతో అయితే ఇంజను ఆపే కడగొచ్చు. ఒక్క క్షణం కూడా నీరు లేకుండా స్టార్ట్ చెయ్యకండి, పంపులో రబ్బరు అక్కడికక్కడే కాలిపోతుంది.

ఇంకో సంగతి, మన ఒడ్డు ఊళ్ళలో చాలా బోర్ల నీరు ఉప్పగా ఉంటుంది. ఆ నీళ్ళతో కడిగితే కడిగినట్టు కాదు. నాలిక మీద వేసి చూడండి. తాగే నీళ్ళు దొరకని రోజు వాన నీళ్ళైనా పట్టి పెట్టుకోండి. కంపెనీ వాళ్ళు ఈ సంగతి పుస్తకంలో రాయలేరు, మనకే తెలియాలి.

ఇంజన్ ఆయిలు మార్చేది కాస్త వేడిగా ఉన్నప్పుడు. ఇంజను నిటారుగా నిలబెట్టి, కింది స్క్రూ విప్పి, పూర్తిగా కారనివ్వండి. స్క్రూకి కొత్త వాషరు వెయ్యండి, పాతది మళ్ళీ వేస్తే చెమ్మగిల్లుతుంది. ఫిల్టరు ఉన్న మోడలైతే పుస్తకంలో చెప్పినన్ని గంటలకి అదీ మార్చాలి. పోయాల్సిన ఆయిలు సాధారణంగా 10డబ్ల్యూ-30 లేదా 10డబ్ల్యూ-40. డబ్బా మీద ఎఫ్‌సి-డబ్ల్యూ అని ఉంటే అది బోటు ఫోర్‌స్ట్రోక్ ఇంజన్ల కోసం పరీక్షించిన ఆయిలు, తుప్పు పట్టకుండా చూసే గుణం అందులో ఉంటుంది. బైకు ఆయిలు చవకని పోయకండి. టూస్ట్రోక్ ఇంజనున్నవాళ్ళు ఇది చదువుతుంటే, మీది వేరు, పెట్రోల్లో కలిపే టిసి-డబ్ల్యూ3 ఆయిలు మీకు కావాలి. ఒకదాని బదులు ఇంకోటి వాడకూడదు.

మట్టం చూసేటప్పుడు ఒక జాగ్రత్త. తెప్ప ఇసుకలో ఒరిగి ఉంటే ఆయిలు కొలిచే పుల్ల మీద మట్టం అబద్ధం చెబుతుంది. నిటారుగా ఉంచి, స్టార్ట్ చెయ్యకముందు చూడాలి. మట్టం పోసిన దానికంటే పెరిగి, పెట్రోలు వాసన వస్తుంటే ఇంజను చల్లగా నడుస్తూ పెట్రోలు ఆయిల్లోకి దిగుతోందన్నమాట. మనవాళ్ళు కొందరు "వేడెక్కకుండా ఉంటుంది" అని థర్మోస్టాట్ (ఇంజను వేడిని అదుపులో ఉంచే వాల్వు) పీకేస్తారు. దాని ఫలితం ఇదే. వారంటీ ఉన్న ఇంజనులో ఆ పని చెయ్యనే వద్దు.

గేర్ ఆయిలు గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే నా దగ్గరికి వచ్చే ఖరీదైన రిపేర్లలో సగం ఇక్కడ మొదలైనవే. కాలు కింద రెండు స్క్రూలుంటాయి, కింద ఒకటి, పైన ఒకటి. ముందు కిందిది విప్పి గిన్నె పెట్టాలి, తర్వాత పైది విప్పితే గాలి వెళ్ళి ఆయిలు ధారగా దిగుతుంది. కొత్తది ఎప్పుడూ కింది రంధ్రం నుంచే పంపు పెట్టి ఎక్కించాలి, పైరంధ్రం నుంచి బుడగలు లేకుండా ఆయిలు వచ్చేదాకా. పై నుంచి పోస్తే లోపల గాలి చిక్కి సగమే నిండుతుంది. నిండాక ముందు పై స్క్రూ బిగించి, తర్వాత పంపు తీసి చప్పున కింది స్క్రూ పెట్టాలి. రెండిటికీ కొత్త వాషర్లు. కొన్ని మోడళ్ళలో కింది స్క్రూ పక్కనే గేరు రాడ్డుని పట్టుకునే ఇంకో స్క్రూ ఉంటుంది. దాన్ని డ్రెయిన్ స్క్రూ అనుకుని విప్పితే లోపలి గేరు లింకు జారిపోతుంది, కాలు మొత్తం విప్పాల్సి వస్తుంది. పుస్తకంలో బొమ్మ చూసి, ఆ స్క్రూ మీదే చెయ్యి పెట్టండి.

దిగిన ఆయిలుని పారబోయకముందు చూడండి. స్క్రూ చివర అయస్కాంతం ఉంటే దానికి బూడిదరంగు మెత్తటి పేస్టు అంటుకోవడం మామూలే. మెరిసే ముక్కలు కనబడితే గేరు అరుగుతోంది. ఆయిలు పాలు కలిపినట్టు తెల్లగా ఉంటే నీరు దూరింది, సీలు పోయింది.

భావనపాడు వైపు నుంచి ఒకాయన ఒకసారి ఫోను చేసి "ఏటి బావా, ఆయిలు పాలలాగుందేటి" అన్నాడు. ఇంజను కొని తొమ్మిది నెలలు. తెమ్మన్నాను. ప్రొపెల్లర్ తీసి చూస్తే షాఫ్టుకి నైలాను వల దారం చుట్టుకుని, వేడికి కరిగి, సీలులోకి కోసుకుపోయి ఉంది. వారంటీ ఉంది కదా అని డీలరు దగ్గరికి పంపాను. వాళ్ళు దారం చూడగానే ఇది తయారీ లోపం కాదన్నారు. ఆయన చాలా బాధపడ్డాడు, నాకూ బాధగానే ఉంది, కానీ ఆ విషయంలో వాళ్ళ మాట సరైనదే. వల దారం, గాలపు తీగ, రాయి దెబ్బ, ఇవేవీ వారంటీలోకి రావు. ఆనాటి నుంచి నేను అందరికీ ఒకటే చెబుతున్నాను. వారానికొకసారి ప్రొపెల్లర్ తీసి షాఫ్టు చూడండి. స్ప్లిట్ పిన్ను లాగి, నట్టు విప్పి, ప్రొపెల్లర్ బయటికి లాగి, దారం పోగు ఉంటే తీసి, నీటికి కరగని బోటు గ్రీజు రాసి, కొత్త పిన్ను పెట్టండి. పది నిమిషాల పని. వలలు వేసే మనలాంటి వాళ్ళకి ఇంతకంటే విలువైన పది నిమిషాలు ఇంజను మీద ఇంకోటి లేదు.

ప్లగ్గులు సంగతి తేలిక. పుస్తకంలో రాసిన నంబరే కొనాలి, దగ్గరిది కాదు. గ్యాపు చూసుకుని, చేత్తో ఆఖరిదాకా తిప్పి, ఆ తర్వాతే పానాతో పావు నుంచి అర చుట్టు బిగించాలి. బలం చూపిస్తే అల్యూమినియం మరలు పోతాయి. కాలుకి, బ్రాకెట్టుకి బిగించిన బూడిదరంగు యానోడ్ ముక్కలకి మాత్రం రంగు వెయ్యకండి. అవి ఇంజనుకి బదులు తాము కరగడానికే ఉన్నాయి. సగానికి పైగా తినేస్తే మార్చండి.

పెట్రోలు విషయం కొత్త తలనొప్పి. ఇప్పుడు మన బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు వస్తోంది. చాలా ఔట్‌బోర్డ్ మాన్యువళ్ళలో 10 శాతం మించకూడదని రాసి ఉంటుంది. మీ పుస్తకంలో ఎంత రాశారో చూడండి. 10 అని ఉంటే, "మా దగ్గర దొరికేది ఈ20 మాత్రమే, దీన్ని వాడొచ్చా, వారంటీకి ఇబ్బంది ఉందా" అని డీలరుకి మెసేజ్ పెట్టి జవాబు దాచుకోండి. ఇథనాల్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది. ఎక్కువైతే నీటితో కలిసి ట్యాంకు అడుగున వేరుగా చేరుతుంది. సముద్రం ఒడ్డున తేమకి ఏం తక్కువ? అందుకే వారానికి సరిపడానే కొనండి, ట్యాంకు మూత గట్టిగా ఉంచండి, పైపు మధ్యలో నీరు వేరుచేసే ఫిల్టరు పెట్టించుకోండి. కిరోసిన్ కలపడం గురించి నన్ను చాలామంది అడుగుతారు. పెట్రోలు ఇంజనులో కలిపితే వారంటీ మీద ఆశ వదులుకోవాల్సిందే.

ఇక వాటర్ పంపు. ఇక్కడ నేను మీకు పూర్తిగా అవునని చెప్పలేను. ఇంపెల్లర్, అంటే పంపులో నీటిని తోసే రబ్బరు రెక్కల చక్రం, మార్చాలంటే కాలు విప్పాలి. ఎక్కువ పట్టికల్లో అది డీలరు పని కింద ఉంటుంది. పని కష్టమని కాదు. నేను ఒక పూటలో చేస్తాను. కానీ గేరు రాడ్డు సరిగ్గా కలపకపోతే గేరు పడదు, నీటి గొట్టం దాని చోట కూర్చోకపోతే ఇంజను వేడెక్కుతుంది, రెక్కలు తిరిగే దిక్కుకి ఎదురుగా, వెనక్కి వంగేలా పెట్టాలి, షాఫ్టు పై కొసన గ్రీజు ముద్దగా పెడితే అది పైకి కూర్చోదు. ఇందులో ఏది తప్పినా "మీరు విప్పారు కాబట్టే" అంటారు.

అయితే మన చోట అసలు ఇబ్బంది ఇసుక. జెట్టీలున్న చోట ఇంజను లోతు నీళ్ళలోనే ఆగుతుంది. మనం కెరటం దాటి నేరుగా ఇసుక ఒడ్డుకి కొట్టుకొస్తాం. ఆఖరి యాభై గజాల్లో ఇంజను ఇసుక కలిసిన నీరు పీలుస్తుంది. వంశధార మొగ, నాగావళి మొగ దగ్గర నడిపేవాళ్ళకి ఇంకా ఎక్కువ. ఆ ఇసుక రబ్బరు రెక్కల్ని ఉప్పుకాగితంలా అరగదీస్తుంది. పుస్తకంలో ఏడాది అని ఉన్న ఇంపెల్లర్ మన ఒడ్డున ఆరు నెలలకే రెక్కలు పోగొట్టుకోవడం నేను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. వీలైనంత వరకు కెరటం దాటగానే ఇంజను ఆపి, కాలు ఎత్తి, తెడ్డుతో ఒడ్డుకి రండి. వెనకనుంచి వచ్చే నీటి ధారని రోజూ చూడండి. ధార సన్నబడితే ముందు కాలు దగ్గర జల్లెడలో గడ్డి, ప్లాస్టిక్ ఉందేమో, తర్వాత ధార వచ్చే రంధ్రంలో ఇసుక ఉందేమో సన్నటి నైలాను తీగతో పొడిచి చూడండి. అయినా ధార రాకపోతే ఆ ఇంజను సముద్రంలోకి తీసుకెళ్ళొద్దు.

వేట రోజుల్లో అలా అయితే, విప్పే ముందు డీలరుకి ఇలా వాట్సాప్ చెయ్యండి: "ఇంజను నంబరు ఇది. నీటి ధార రావడం లేదు, వీడియో పంపుతున్నాను. మీ మెకానిక్ ఎప్పుడు రాగలరు? రాలేకపోతే కంపెనీ ఇంపెల్లర్ కిట్ మీ దగ్గర కొని ఇక్కడి మెకానిక్‌తో మార్పించుకోవడానికి మీ అనుమతి కావాలి." చాలామంది డీలర్లు సరే అంటారు, వాళ్ళకీ అంత దూరం రావడం ఇష్టం ఉండదు. ఆ "సరే" అక్షరాల్లో ఉండాలి. ఫోనులో చెప్పిన సరే రేపు ఎవరికీ గుర్తుండదు.

వారంటీ ఉన్నన్నాళ్ళు మీరు గానీ, నాలాంటి బయటి మెకానిక్ గానీ ముట్టుకోకూడనివి: సిలిండర్ హెడ్, వాల్వులు, గేర్‌బాక్స్ లోపలి భాగం, కార్బురేటర్ జెట్లు, వైరింగు. ఎక్కువ స్పీడు వస్తుందని వేరే కొలత ప్రొపెల్లర్ వెయ్యడం కూడా. ఇంజను దాని హద్దు దాటి తిరిగితే లోపలి దెబ్బ వెంటనే తెలియదు. హెడ్ గురించి నా అనుభవం చెబుతాను. నేర్చుకునే రోజుల్లో మా నాన్న కొన్న ఇంజను వేడెక్కుతుంటే, వారంటీ ఉందని తెలిసి కూడా నేనే హెడ్ విప్పాను. ఉప్పుకి పట్టేసిన ఒక బోల్టు లోపలే విరిగింది. డీలరు దగ్గరికి తీసుకెళ్తే విరిగిన బోల్టు చూసి వారంటీ రద్దు చేశారు. వేడెక్కడానికి కారణం తయారీలోనే ఉందేమో ఇక తేల్చే దారి కూడా లేకుండా పోయింది. ఆ సీజను మా ఇంట్లో అప్పు చేసి గడిపాం. ఈరోజు వరకూ ఎవరు వారంటీ ఇంజను తెచ్చినా నేను ముందు కార్డు అడగడానికి కారణం అది.

ఇప్పుడు నోట్‌బుక్. ఒక బడి నోట్‌బుక్ చాలు. తేదీ, మొత్తం గంటలు, చేసిన పని, పోసిన ఆయిలు పేరు, గ్రేడు, ఎంత, బిల్లు నంబరు. బిల్లు అదే పేజీకి అంటించండి. బిల్లు మీద సిరా ఆరు నెలల్లో మాసిపోతుంది, కాబట్టి ఫోటో కూడా తీయండి. ఆయిలు మార్చేటప్పుడు డబ్బా, విప్పిన స్క్రూ, ఇంజను నంబరు ఒకే ఫోటోలో పడేలా తీస్తే ఇంకా మంచిది. ఫోను పోతే అన్నీ పోతాయి, అందుకే ఆ ఫోటోలు ఇంట్లో ఇంకొకరి ఫోనుకి పంపి ఉంచండి.

ఇది ఎంత పనిచేస్తుందంటే, మా పక్క పేటలో ఒక కుర్రాడి ఇంజనుకి ఏడో నెలలో ప్లగ్గుల్లో మెరుపు (స్పార్క్) రావడం ఆగిపోయింది. ప్లగ్గులు మార్చినా లేదు. నేను చూసి ఎలక్ట్రికల్ యూనిట్ పోయిందనుకున్నాను, కానీ ఒక్క వైరు కూడా పీకలేదు. మొదట డీలరు దగ్గర "సర్వీసులు చేయించలేదు" అన్నారు. వాడు నోట్‌బుక్ బల్ల మీద పెట్టాడు. ఏడు నెలలకి ఆరు ఆయిలు మార్పులు, బిల్లులు, ఫోటోలు. వాళ్ళు కంపెనీకి పంపారు, రెండు వారాలకి కొత్త యూనిట్ ఉచితంగా వచ్చింది. మెరుపుకీ ఆయిలుకీ సంబంధం లేదు, నిజమే. కానీ ఇంజనుని శ్రద్ధగా చూసుకునే మనిషి అని ఆ పుస్తకం చెప్పింది.

పెద్ద లోపం ఏదైనా వస్తే ఇంజను ఆపండి. విప్పకండి. శబ్దం, పొగ, నీటి ధార వీడియో తీసి, అదే రోజు డీలరుకి రాతపూర్వకంగా చెప్పండి. ఇంజను అప్పగించేటప్పుడు తేదీతో జాబ్ కార్డు తీసుకోకుండా కొట్టు దాటకండి. వాళ్ళు "వారంటీ ఇవ్వం" అంటే, ఏ షరతు ప్రకారం ఇవ్వరో కాగితం మీద రాసివ్వమని మర్యాదగా అడగండి. చాలాసార్లు ఆ మాటతోనే వ్యవహారం మారుతుంది.

మారకపోతే 1915 నంబరుకి ఫోను చేయొచ్చు, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్. "చేపల వ్యాపారానికి కొన్నావు కాబట్టి నువ్వు వినియోగదారుడివి కాదు" అని ఎవరైనా భయపెడితే, 2019 వినియోగదారుల రక్షణ చట్టంలోనే దానికి జవాబుంది: స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసం మాత్రమే కొని, తానే వాడుకునే వస్తువు వ్యాపారం కిందికి రాదు. సొంత తెప్ప మీద తానే వేటకెళ్ళే మనిషికి ఇది కొండంత అండ. మీరు ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చు, విశాఖ వెళ్ళక్కర్లేదు. 5 లక్షల లోపు కొన్న వస్తువుకి ఫీజు లేదు. గొడవ మొదలైన రెండేళ్ళలోపు వెయ్యాలి. ఇంటర్నెట్‌లో "బయట సర్వీసు చేయిస్తే వారంటీ తీసెయ్యడం చట్టవిరుద్ధం" అని చదివి వచ్చేవాళ్ళున్నారు. వాళ్ళు చదివేది ఎక్కువగా అమెరికాలో 1975లో వచ్చిన చట్టం గురించి. అది చూపించి ఇక్కడ వాదించకండి, మన కార్డు, మన నోట్‌బుక్, మన చట్టం చాలు.

డీలరు చేయాల్సిన పనులకి మనకి దేవుడిచ్చిన సమయం వేట నిషేధం, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు. ఇంపెల్లర్, థర్మోస్టాట్, వాల్వు క్లియరెన్స్, కాలు సీళ్ళు అన్నీ ఒకేసారి డీలరు దగ్గర చేయించి స్టాంపు వేయించుకోండి. జూన్ మొదటి వారంలో అందరూ ఎగబడతారు, ఏప్రిల్ చివర్లోనే వెళ్ళండి. ఆటోలో ఇంజను పడుకోబెట్టేటప్పుడు పుస్తకంలో చెప్పిన పక్కకే పడుకోబెట్టాలి. ఫోర్‌స్ట్రోక్ ఇంజనుని తప్పు పక్కకి వాలిస్తే ఆయిలు సిలిండర్లోకి దిగుతుంది. ముందు నిలబెట్టి లోపలి నీరంతా కారనివ్వండి. తిరిగి తెచ్చాక జూన్ దాకా నడపరు కాబట్టి కార్బురేటర్ గిన్నెలో పెట్రోలు పూర్తిగా తీసేయండి. రెండు నెలలు నిలిచిన పెట్రోలు జిగురై జెట్లు మూసేస్తుంది, అది కూడా వారంటీలో రాదు.

తుఫాను నీళ్ళలో మునిగిన ఇంజను గురించి ఒక్క మాట. 2018 అక్టోబరులో తిత్లీ వచ్చి వెళ్ళాక నా దగ్గరికి మునిగిన ఇంజన్లు చాలా వచ్చాయి. మొదటి రోజు తెచ్చినవి ఎక్కువ బతికాయి, వారం ఎండలో పెట్టి తెచ్చినవి పట్టేశాయి. మునగడం వారంటీలో రాదు కాబట్టి అక్కడ అనుమతి కోసం ఆగకండి. మంచినీళ్ళతో కడిగి, ప్లగ్గులు తీసి, తాడు లాగి నీరు బయటికి కొట్టి, సిలిండర్లలో ఆయిలు పోసి, అదే రోజు మెకానిక్‌ని పట్టుకోండి.

చివరగా మీ మూడు నెలల సంగతి. రాసుకోని రోజులకి ఇప్పుడు కూర్చుని తేదీలు పుట్టించి రాయకండి. ఒకే పెన్ను, ఒకే రోజు రాసిన పుస్తకం చూడగానే తెలిసిపోతుంది, నిజంగా చేసినవి కూడా నమ్మరు. మొదటి సర్వీసు జాబ్ కార్డు, ఇప్పటిదాకా కొన్న ఆయిలు, పెట్రోలు బిల్లులు ఎన్ని దొరికితే అన్ని ఒక కవర్లో పెట్టండి. ఈ ఒక్కసారికి రెండు రోజుల వేట పోయినా ఇంజను డీలరు దగ్గరికి తీసుకెళ్ళి పూర్తి సర్వీసు చేయించి, స్టాంపుతో జాబ్ కార్డు తీసుకోండి. అక్కడే ఆ సర్వీసు పట్టిక చూపించి, మీరు చేసుకోగల పనులు ఏవో వాళ్ళ చేత టిక్ పెట్టించుకోండి. ఆ రోజు తేదీతో నోట్‌బుక్ మొదటి పేజీ మొదలుపెట్టండి. మీ ఇంజను పట్టిక ఫోటో ఇక్కడ పెడితే ఏ పని మీది, ఏ పని వాళ్ళది అని ఒక్కొక్కటీ చూసి చెబుతాను.